పద్దెనిమిదో కాగితం

పోయిన నెలలో మా వీధిలోకి ఒక ఆటో వచ్చింది. పాత పట్టుచీరలు కొంటామని, చిరిగినవైనా మరకలు పడినవైనా జరీ ఉంటే చాలని మైకులో అరుచుకుంటూ వచ్చింది. నేను దేన్నీ ఊరికే పారేసే మనిషిని కాను. నూలు చీర చిరిగితే బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది, అది కూడా చిరిగితే దీపానికి వత్తి అవుతుంది. పట్టుచీర అలా కాదు, పెట్టెలో పడుకుని పడుకుని మడతల దగ్గర తనంతట తానే పగులుతుంది. పగిలేలోగా ఇచ్చేద్దామని నా ఇనప్పెట్టె తెరిచి, అడుగున గుడ్డలో చుట్టి ఉన్న వంకాయరంగు చీర బయటికి తీశాను. ఒక్కసారి కూడా కట్టని చీర. ఎందుకు కట్టలేదో చెబుతాను. మడత విప్పి దులిపితే లోపలినుంచి మందపాటి కాగితం ఒకటి జారి నా పాదం మీద పడింది. కాలెండరు అట్ట కాబోలనుకుని తిప్పి చూశాను. బొమ్మ లేదు, అక్షరం లేదు. వాకిలి దగ్గరికి తెచ్చి ఎండకు ఏటవాలుగా పట్టుకుంటే మాత్రం, ఉందా లేదా అన్నట్టు సన్నటి గుండ్రాలు, వరసలు వరసలుగా. గేటు దగ్గర ఆటో అబ్బాయి "ఏమవ్వా, ఇస్తావా ఇయ్యవా?" అని రెండుసార్లు అడిగినాడు. పొమ్మన్నాను. మనవరాలు వచ్చి ఆ కాగితం ఏమిటని అడిగింది. దానికి జవాబు చెప్పడానికి నాకు ఆ పూటంతా పట్టింది.

ఆ కాగితం మా ఆడబిడ్డది, అంటే మా ఇంటాయన చెల్లెలిది. ఆమెకు నాలుగో ఏట తట్టు పోసి చూపు పోయింది. అది కరువు ఏడు. నేను ఆ ఇంట్లో కాలు పెట్టేసరికి ఆమెకు ఎనిమిదేండ్లు. ధర్మవరానికి ఆరు మైళ్ళ దూరంలో మాది నేతపల్లె. ఇంటి నడిమధ్యన గుంట మగ్గం, మగ్గం పక్కన గోడకానుకుని ఆమె, చేతిలో పట్టు చుట్టే కండె. పట్టుపోగు తెగితే మా కంటికి కనబడేలోపల ఆమె వేలికి తెలిసిపోయేది. ఎరుపుకూ పచ్చకూ కూడా తేడా చెప్పేది. అద్దకంలో ఎరుపు కొంచెం గరుకు తేలుతుందనేది. నిజమో, మమ్మల్ని ఆట పట్టించేదో నాకు ఇప్పటికీ తెలియదు. మా అత్త ఆమెను చూసి రోజుకొకసారి ఏడ్చేది. నాకు ఏడ్చే తీరిక లేదు, అందుకని పనులు చెప్పేదాన్ని. నీళ్ళు మోయమన్నాను, రాగులు విసరమన్నాను. చూపులేని పిల్లతో చాకిరీ చేయిస్తోందని వీధంతా నన్ను ఆడిపోసుకుంది. ఆడిపోసుకున్నవాళ్ళెవరూ ఒక్క బిందె నీళ్ళు తెచ్చి మా తొట్లో పోయలేదు.

సూదులు వేసే నర్సమ్మ ఒకామె ఒకరోజు వచ్చి, దూరపు ఊళ్ళో చూపులేని పిల్లలకు బడి ఉందని, అక్కడే అన్నం పెట్టి చదువు చెబుతారని చెప్పింది. మా అత్త ససేమిరా పంపనంది. పంపాలని పట్టుబట్టింది నేనే. దయతో పట్టుబట్టానని ఇప్పుడు చెప్పుకోవచ్చు, కాదనడానికి ఆనాటి పెద్దవాళ్ళెవరూ లేరు. కానీ ఆ ఏడు మా చేన్లో శనక్కాయ గింజ పట్టలేదు, మగ్గానికి పట్టు సరిగా రాలేదు. ఇంట్లో ఒక కంచం తగ్గితే బాగుండునని కూడా నా మనసులో ఉంది. మనిషి మంచిపని చేసేటప్పుడు కూడా సగం బుద్ధి వంటింట్లోనే ఉంటుంది.

ఆ బడినుంచి మొదటిసారి సెలవులకు వచ్చినప్పుడు మా ఆడబిడ్డ సంచిలో ఒక చెక్క పలక ఉంది. దాని మీద చిన్న చిన్న కిటికీలున్న ఇనుప పట్టీ, చేతిలో ఇమిడే పిడితో మొద్దు మొన ఉన్న దబ్బనం లాంటిది. పలకకు మందపాటి కాగితం బిగించి, ఒక్కో కిటికీలో దబ్బనంతో టకటకమని పొడుస్తుంది. ఒక కిటికీలో ఆరు చోట్లుంటాయి, ఎడమవైపు మూడు, కుడివైపు మూడు. ఏ చోట పొడిచామన్నదాన్ని బట్టి అక్షరం. రాసేది కుడినుంచి ఎడమకు. కాగితం తిప్పితే పొడిచిన చోటల్లా బొడిపె లేచి ఉంటుంది, దాన్ని ఎడమనుంచి కుడికి వేలితో చదువుకుంటుంది. మా అత్త అది చూసి, ఎడాపెడా రాసే చదువు ఇంటికి అరిష్టమంది. నాకు మాత్రం అందులో వింత ఏమీ కనబడలేదు. మా మగ్గం మీద జరీ కొంగు నేసేటప్పుడు కూడా మంచివైపు కిందికే ఉంటుంది. నేసేవాడికి కనబడేది వెనకవైపే. నేను రెండో తరగతితో బడి మానినదాన్ని. అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు. కానీ గళ్ళు చదవడంలో మా పల్లెలో నన్ను మించినవాళ్ళు లేరు. అట్టల రంధ్రాలను బట్టి పువ్వు నేసే జకార్డు పెట్టెలు మా మగ్గాలకు వచ్చిన కొత్తలో, గళ్ళ కాగితం మీద గీసిన పువ్వును చూస్తూ ఒకరు చెబుతుంటే ఇంకొకరు అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. నిండిన గడి వస్తే "కొట్టు", ఖాళీ గడి వస్తే "ఇడుసు". ఆ చెప్పే పని నాదే. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నందాకా ఒక్క గడి తప్పకుండా చెప్పేదాన్ని. ఆ విద్య ఇంకొకచోట అక్కరకొస్తుందని అప్పుడనుకోలేదు.

ఇంకో పని కూడా నాదే ఉండేది, మా కష్టం దాంట్లోనే పుట్టింది. నేసిన చీరను షావుకారుకు ఇచ్చేముందు మడత వేయాలి. వీధిలో ఐదారు మగ్గాల చీరలకు నేనే మడతలు వేసేదాన్ని. మడత మధ్యలో మందపాటి కాగితం పెడితేనే చీర బిర్రుగా నిలబడుతుంది. పెట్టినాక చీరల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, సన్నటి తడిగుడ్డ పరిచి, పైన చెక్క పెట్టి, దాని మీద గుండురాయి ఎత్తి ఒక రాత్రీ పగలూ ఉంచాలి. ఆ కాగితాలు కొనడమంటే నాకు ప్రాణం పోయినట్టుండేది. పాత కాలెండర్లు, పెండ్లిపత్రికలు, చొక్కాల పెట్టెల అట్టలు, ఏది దొరికితే అది ఏరి దాచేదాన్ని. అది చూసి మా ఆడబిడ్డ, తాను తప్పు పొడిచి పారేసే కాగితాలన్నీ నాకోసం బడినుంచి మోసుకొచ్చేది. వాటిని మగ్గం గదిలో, కండెల బుట్ట వెనక పెట్టేది. అట్లా మూడు నాలుగేండ్లు ఆమె చెడగొట్టిన చదువంతా మా వీధి చీరల కడుపులో కూర్చుని బెంగుళూరు దాకా పోయింది.

ఇక ఆ ఏటి సంగతి. ఆమెకు అప్పటికి పందొమ్మిదేండ్లు, పదో తరగతి. ఆలస్యంగా బడికి పోయినదాయె. పది గట్టెక్కితే అదే బడిలో చిన్నపిల్లలకు చెప్పడానికి పెట్టుకుంటామని, తప్పితే ఇంక ఇంటికి పోవాల్సిందేనని బడివాళ్ళు చెప్పి పంపినారు. మిగతా పాఠాలకు బడిలో బొడిపెల పుస్తకాలున్నాయి గానీ సోషల్‌కు లేదు. ఆ ఊళ్ళో కాలేజీ అమ్మాయి ఒకతె ఆదివారాలు వచ్చి చదివి వినిపిస్తే, ఈమె వింటూ వింటూ నెలల తరబడి పొడుచుకుంది. ఆ అమ్మాయికి తరువాత పెండ్లయి ఎక్కడికో పోయింది. కాబట్టి ఆ కట్ట ఒక్కటే. దాన్ని పట్టుకుని ఆమె పరీక్షల ముందు ఇంటికి వచ్చింది. వచ్చిన రోజే నాతో "వదినా, ఈతూరి చెడినయ్యి తేలా, అన్నీ మంచియ్యే" అని చెప్పిందట. నేను పొయ్యి ఊదుతూ ఊ అన్నానట. ఊ అనడం గుర్తుంది, విన్నది గుర్తులేదు. పలక, కట్ట, దబ్బనం అన్నీ అలవాటు కొద్దీ ఆమె కండెల బుట్ట వెనకే పెట్టింది. వారం తిరిగేసరికి పెండ్లిళ్ళ చీరలు ముంచుకొచ్చినాయి. నేను బుట్ట వెనక చేయి పెట్టి, చేతికందినవి అందినట్టు తీసి, చీరల్లో పెట్టి, రాయి ఎత్తినాను. సిరా లేని కాగితం నా లెక్కలో ఖాళీ కాగితం. మరుసటి రోజు మా ఇంటాయన మూట సైకిలుకు కట్టుకుని ధర్మవరం షావుకారుకు ఇచ్చి వచ్చినాడు.

ఆ మధ్యాహ్నం ఆమె చదువుకుందామని కూర్చుంది. నేను బియ్యంలో రాళ్ళేరుతున్నాను. బుట్ట వెనక చేయి పోయిన సద్దు, కట్ట తీసిన సద్దు విన్నాను. తరువాత ఏ సద్దూ లేదు. ఆ లేకపోవడమే ముందు నా చెవిలో పడింది. ఆమె కాగితాలు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, "వదినా, నా సోషల్ కాగితాలు పద్దెనిమిది లేవు. ఎవురన్నా తీసినారా?" అంది. నాకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఆ ఇంట్లో నేను తప్పు చేశానని అంతవరకు ఎవరూ అనలేదు. అనే సందు నేను ఇవ్వలేదు. ఆమె ముఖం నావైపే తిరిగి ఉంది. "ఎలకలు ఎత్తకపోయింటాయిలే, ఎతుకుదాం" అన్నాను. చూపున్నదాన్ని, చూపులేని మనిషికి అబద్ధం చెప్పాను. పైగా ఎలుక బొరియలు చూస్తున్నట్టు గోడ మూలల్లో చీపురుతో కొడుతూ ఆమెకు వినిపించేలా తిరిగాను. ఇది చెబుతుంటే నాకు ఈ వయసులో కూడా చెవులు కాలుతున్నాయి.

ఆమె ఆ రోజంతా మోకాళ్ళ మీద పాకి వెతికింది. పరీక్షకు తొమ్మిది రోజులుంది. ఎవరి పుస్తకమైనా తెచ్చి చదివించుకోవచ్చు కదా అని మీరనొచ్చు. మా పల్లెలో పది చదివేవాళ్ళు ఇద్దరే, ఇద్దరికీ అదే పరీక్ష. ఒకసారి వింటే నిలిచే చదువు కాదు. వేలితో పదిసార్లు తడుముకుంటేనే ఆమెకు మనసుకెక్కేది. మా అత్త దేవుడి పటం ముందు కూర్చుని మొక్కులు మొక్కుతోంది. నేను మాత్రం రెండు పూటలా కడుపునిండా తిన్నట్టు నటించి ఊరుకున్నాను. షావుకారు దగ్గరికి పోయి మడతలు విప్పమంటే, ఇంక నా చేతికి ఏ మగ్గం చీరా మడతకు రాదని భయం. ఒప్పుకుంటే ఇంట్లో తల దించుకోవాలని దానికంటే పెద్ద భయం.

మరుసటి ఉదయం షావుకారు ఒక చీర తిప్పి పంపినాడు. అంచు దగ్గర జరీ పోగు లేచిందని, సరిచేసి ఇవ్వమని. అటుగా వచ్చే మనిషి ఒకాయన దాన్ని అరుగు మీద పెట్టి పోయినాడు. నేను అందుకునేలోపల ఆమె అందుకుంది. చీర ఏది చేతికొచ్చినా తడిమి చూడకుండా వదిలే అలవాటు ఆమెకు లేదు. అంచు తడిమింది, కొంగు తడిమింది, మడతలో చేయి పెట్టి కాగితం బయటికి లాగింది. దాని మీద పది వేళ్ళూ పరిచింది. తరువాత, కోపం లేకుండానే, "వదినా, ఎలకలైతే కొరికింటాయి. ఇది ఒత్తినట్టుండాది" అంది.

తలగుడ్డ కట్టుకుని, ఉన్న చీరతోనే బయలుదేరాను. బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు. ఆరు మైళ్ళు ఎండలో నడిచాను. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని నడిచాను. సాయంత్రం రైలుకు చీరల పార్సిలు బెంగుళూరు పోతుందని మా ఇంటాయన ముందురోజే చెప్పినాడు. ఆ మాట ఒక్కటే దారి పొడుగునా నా చెవిలో ఉంది. నేను పోయేసరికి అంగడి ముందు జట్కా నిలబడి ఉంది, లోపల గోతాం మూటకు కుట్టు వేయడానికి దారం ఎక్కిస్తున్నారు. షావుకారు పరుపు మీద కూర్చుని తాంబూలం నములుతున్నాడు. కుట్టొద్దని, మా పల్లె చీరలన్నీ విప్పాలని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసినాడు.

"ఏమ్మా, చీరల్లో ఏం దాచి పంపినావు?"

"మా ఆడబిడ్డ పరీక్ష దాచినా సామీ."

అంగట్లో వాళ్ళు నవ్వినారు. ఆయన నవ్వలేదు. సంగతంతా విని, బండి కదలడానికి రెండు గంటలుందని, ఆ లోపల మడత మడతా మళ్ళీ వేసి తన అట్టలు పెట్టి ఇవ్వగలిగితే విప్పుకోమని, ఒక్క చీర నలిగినా ఇంక తన గడప తొక్కొద్దని చెప్పినాడు. నేను ఆ చాప మీద కూర్చుని ఎట్లా విప్పానో, ఎట్లా మడిచానో నాకే తెలియదు. చెమట చీర మీద పడకుండా మాటిమాటికీ పైటతో ముఖం తుడుచుకోవడం ఒక్కటే గుర్తు. పదహారు చీరలు విప్పాను. పదహారు కాగితాలు దొరికాయి. ఇంటి దగ్గర దొరికింది ఒకటి. పద్దెనిమిదోది లేదు. ఇంకొక చీర ఏదని అడిగాను. వచ్చిందే పదిహేడన్నాడు షావుకారు. పోయిన కాగితాలు పద్దెనిమిది, కాబట్టి చీరలూ పద్దెనిమిదే, ఒకటి అమ్ముకుని లేదంటున్నారని ఆయన ముఖం మీదే అన్నాను. ఆయన కండువా తీసి కండ్లకద్దుకుని, తనకు అబద్ధం తెలియదన్నాడు. నేను నమ్మలేదు. ఆయన పోయిన నాటికి కూడా నమ్మలేదు.

ఇంటికొచ్చి కాగితాలు ఆమె ఒడిలో పెట్టాను. ఆమె వరసగా తడిమింది. రాయి కింద, తడిగుడ్డ కింద బొడిపెలన్నీ అణగారిపోయాయి. పక్కన ఎక్కడో ఒకటీ అరా మిగిలాయి, అవి అక్షరాలు కావు, అక్షరాల ఎముకలు. "ఏం లేదు వదినా, నున్నగుండాది" అంది, మామూలు గొంతుతో. ఆ మామూలు గొంతే నన్ను చంపింది. నేను ఒక కాగితం తీసుకుని వాకిట్లోకి పోయాను. పొద్దు గుంకే వేళ. ఎండ నేలను రాసుకుంటూ వస్తోంది. కాగితాన్ని ఆ ఎండకు అడ్డంగా పెట్టి చూస్తే, వేలికి తెలియనిది కంటికి కనబడింది: అణగిన చోటల్లా సన్నటి గుండ్రటి గుర్తు. గళ్ళు. నిండిన గడి, ఖాళీ గడి. నేను అక్కడినుంచే పిలిచాను, పలక తెచ్చుకోమని.

ఎడమవైపు పైనుంచి కిందికి ఒకటి, రెండు, మూడు; కుడివైపు నాలుగు, ఐదు, ఆరు. ఇదీ ఆమె చెప్పిన లెక్క. నేను అంకెలు చెప్పాలి, ఆమె కొత్త కాగితం మీద పొడుచుకోవాలి. మొదటి వరస చెప్పాను. ఆమె పొడిచి, తిప్పి, తడిమి, రెండు రోజుల తరువాత మొదటిసారి నవ్వింది. "యెనకపక్క సూస్తాండావు వదినా. ఇది ఏ బాసా కాదు" అంది. కొంగు మంచివైపు ఏదో తెలిసినదాన్ని, కాగితం మంచివైపు మరిచాను. తిప్పుకుని మళ్ళీ మొదలుపెట్టాము.

మట్ట మధ్యాహ్నం ఎండకు ఏమీ కనబడదు. పొద్దు పొడిచాక రెండు గంటలు, గుంకేముందు రెండు గంటలు, అంతే మాకున్న కాలం. ఆ నాలుగు గంటలూ నేను ఇంటి పని ముట్టలేదు. మా అత్త గడపలో కూర్చుని, అక్షరం ముక్క రానిదాని దగ్గర పదోతరగతి చదువుకుంటాందంట అని వచ్చేపోయేవాళ్ళకు చెప్పేది. మా ఇంటాయన సంగటి కెలికినాడు. ఆ ముద్దను గుండురాయి బదులు చీరల మీద పెట్టొచ్చు. ఒక్కమాట అనకుండా తిన్నాము. కొత్త కాగితానికి వీధి వీధంతా తిరిగాను. ఏనాడూ ఎవరినీ ఏమీ అడగనిదాన్ని, గోడలకున్న కాలెండర్లు అడిగి దించుకున్నాను. ఇంకా నెలలు మిగిలున్న కాలెండరు ఇవ్వనన్న ఒకామెతో, నెలల కాగితం నువ్వే ఉంచుకో, బొమ్మ అట్ట ఇయ్యి చాలని బేరమాడాను. దేవుళ్ళ బొమ్మల వెనక భూగోళం, చరిత్ర పొడిచి పెట్టింది ఆమె.

రెండు రోజులకు నాకు కొన్ని తెలిసిపోయాయి. ఒకటి ఒక్కటే ఉంటే అ. ఒకటీ మూడూ అయితే క. ఆమె అడక్కపోయినా చెప్పేసేదాన్ని, ఆమె "నువ్వు అంకె చెప్పు వదినా, అచ్చరం నేను చూసుకుంటా" అని కసిరేది. ఆ ఇంట్లో నన్ను కసిరిన మొదటి మనిషి ఆమే. ఐదో రోజు మబ్బు పట్టింది. వానకోసం మొఖం వాచే మా పల్లెలో ఆ రోజు మబ్బు పోవాలని మొక్కుకున్న పాపిష్టిదాన్ని నేనొక్కదాన్నే. రెండు పూటలూ ఎండ రాలేదు, ఒక్క వరస సాగలేదు. ఇంకా ఆరు కాగితాలున్నాయి. ఆమె గోళ్ళు కొరుక్కుంటూ గడపలోనే కూర్చుంది; మబ్బు విరిగిందా అని గంటకోసారి అడిగేది. చినుకు పడలేదు, తెల్లారేసరికి మబ్బు అలవాటు ప్రకారం వెళ్ళిపోయింది. పదిహేడో కాగితం చివరి వరస బస్సెక్కే రోజు పొద్దున్నే ముగిసింది. నా కండ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, ఆమె వేలికి బొబ్బ లేచింది. పద్దెనిమిదో కాగితం వానల పాఠమని, ఒక్కటే కదా, రాకపోవచ్చని ఆమే నాకు ధైర్యం చెప్పింది.

పరీక్ష అనంతపురంలో. నోటితో ఆమె చెబితే చిన్న తరగతి పిల్ల ఒకతె రాయాలి. నేను బడి గోడ నీడలో నిలబడ్డాను. నీడ జరిగేకొద్దీ నేనూ జరిగాను. మూడు గంటలు. బయటికొచ్చిన ఆమె ముఖం చూసి నాకేమీ తెలియలేదు. పక్కకు తీసుకుపోయి అడిగితే, అన్నీ చెప్పానంది, ఒక్కటి తప్ప. మన ప్రాంతంలో వాన ఎందుకు తక్కువ అని అడిగినారట. మరి ఏం చెప్పినావే అన్నాను.

"మాయమ్మ చెప్పేదే చెప్పినా. మబ్బు వస్తాది, మమ్మల్ని చూస్తాది, ఈళ్ళకు అలవాటైపోయిండాదిలే అని పోతాది అని."

ఆ రాసే పిల్ల నిజంగానే రాసిందా అని అడిగాను. చెప్పింది చెప్పినట్టు రాయాలి కదా అంది. ఆ జవాబుకు ఎన్ని మార్కులు వేశారో తెలియదు గానీ, సోషల్‌లో ఆమె గట్టెక్కింది, ఒడ్డు చివర కాలు మోపినట్టు. ఫలితాలు వచ్చేదాకా నేను మడతలకు ఒక్క చీర ముట్టలేదు. ఆమె ఆ బడిలోనే పంతులమ్మ అయింది. ఎనభైలలో ఒకసారి ఆరు మీటలున్న బరువైన ఇనుప యంత్రం తెచ్చింది. వాయిస్తే బొడిపెలు కాగితం మీద నేరుగా లేచేవి, ఇంక కుడినుంచి ఎడమకు పొడిచే పని లేదు. దాన్ని మోసుకుంటూ బస్సు దిగిన ఆమెను చూసి మా అత్త మగ్గం తెచ్చిందేమో అనుకుంది. ఇన్నేండ్లలో మా ఇద్దరి మధ్య ఆ ఎలుకల మాట మళ్ళీ రాలేదు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు ఈ వంకాయరంగు చీర సంగతి. మగ్గానికి పట్టు, జరీ ఇచ్చేది షావుకారు. పడుగు చివర మిగిలిన పోగులు ఆయనవే. నాలుగేండ్లు ఆ పోగులు కండెకు కండె దాచి, బయట ఎవరికీ తెలియకుండా ఒక చీర నేయించుకున్నాను. కట్టుకుని వీధిలోకి వస్తే అంచు చూసి షావుకారు మనుషులు గుర్తు పడతారు. అందుకే కట్టలేదు. ఏటా గుడ్డమూటలో వేపాకు మార్చేదాన్ని, చీర మడత విప్పేదాన్ని కాదు. ఆ వారంలోనే దాన్నీ మడిచి, అదే రాయి కింద ఒత్తి, పెట్టెలో వేశాను. అది లెక్కలోకి రాని చీర కాబట్టి నా లెక్కలోకి రాలేదు. ఆయన దొంగ అని యాభై ఏండ్లు అనుకున్నాను. ఆయన పట్టూ, ఆమె పాఠమూ రెండూ నా పెట్టెలోనే ఉన్నాయి.

ఆడబిడ్డకు ఫోను చేయించాను. మూడో రోజు వచ్చింది, డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషి. ఆమె సంచిలో ఇప్పుడు అరచేతికి కొంచెం పెద్దదైన పెట్టె ఉంది. దాని మీద ఒక వరసలో సన్నటి పుల్లలు తమంతట తాము లేస్తాయి, వేలు దాటగానే పడుకుంటాయి, మళ్ళీ ఇంకో వరసగా లేస్తాయి. కాగితం అక్కర్లేదు, రాయి పెట్టి ఒత్తినా పోయేది లేదు. కాగితం ఆమె చేతిలో పెట్టాను. తడిమి, "ఏం కాగితం వదినా ఇది, నున్నగుండాది" అంది. చెప్పాను. ఆమె దాన్ని మళ్ళీ మొదటినుంచి తడిమింది.

సాయంత్రం వాకిట్లో కూర్చున్నాము. నా కండ్లకు రెండుసార్లు ఆపరేషను అయింది, ఏటవాలు ఎండలో కూడా నాకు కాగితం తెల్లగానే ఉంది. మనవరాలికి ఎడమ మూడు, కుడి మూడు చూపించి, మంచివైపు ఏదో కూడా చెప్పి, చదవమన్నాను. అది అంకెలు చెబుతుంటే ఆడబిడ్డ పెట్టె మీద మీటలు నొక్కుతోంది. "ఒకటి రెండు మూడు ఆరు. మూడు నాలుగు ఐదు. ఒకటి మూడు నాలుగు ఐదు" అంది మనవరాలు. ఆడబిడ్డ నోరు తెరిచేలోపల నేను "వాన" అన్నాను.

పాఠమంతా వచ్చేసరికి పొద్దు గుంకింది. పడమటి సముద్రం నుంచి గాలి తడి మోసుకొస్తుందట, కొండలు అడ్డం నిలబడి ఆ తడినంతా తామే దించుకుంటాయట, వెనకనున్న మనం వాననీడలో పడ్డామట. ఇంత ఎండలో కాలిపోతూ మనం ఉన్నది నీడలోనా అన్నాను. "నీడే వదినా, పాటంలో అట్లే ఉండాది" అని నవ్వింది. అప్పుడు నేను, మనవరాలు వింటుండగానే, ఆడబిడ్డతో "పాపా, ఆ పొద్దు ఎలకలు కావు" అన్నాను. ఆమె పెట్టె మూసి, చేయి చాచి, నా చేయి వెతికి పట్టుకుంది. "ఇంకా ఎండ ఉండాదా వదినా?" అంది. లేదన్నాను. మా పల్లెకు వాన ఎందుకు రాదో తెలియడానికి యాభై ఏండ్లు పట్టింది. వాకిట్లోనే ఉన్న మనిషికి ఒక్క మాట చేరడానికీ అంతే కాలం పట్టింది.